భూమికి 454 కోట్లు, విశ్వానికి 1380 కోట్లు: ఈ లెక్కలు ఎలా తేలాయి?

1930లలో ఖగోళశాస్త్రం ఒక వింత చిక్కులో పడింది. గెలాక్సీలు ఎంత వేగంగా దూరమవుతున్నాయో కొలిచి లెక్క కడితే విశ్వం వయసు దాదాపు 200 కోట్ల ఏళ్లని వచ్చింది. రాళ్లను పరీక్షించిన వాళ్లేమో భూమి వయసే అంతకంటే ఎక్కువ ఉండొచ్చంటున్నారు. తల్లి కంటే బిడ్డ పెద్దదైంది. రెండు లెక్కల్లో కనీసం ఒకటి తప్పయి ఉండాలి. ఏది తప్పో, ఎందుకు తప్పో తేలడానికి పాతికేళ్లు పట్టింది.

ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో కనిపించే 454 కోట్లు, 1380 కోట్లు అనే రెండు అంకెలూ ఆ తగువు తీరాక మిగిలినవి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2022లో పనిచేయడం మొదలుపెట్టాక "బిగ్ బ్యాంగ్ తప్పని తేలింది", "విశ్వం వయసు రెట్టింపు" అనే శీర్షికలు తరచుగా వస్తున్నాయి. ఈ అంకెల్లో ఏ భాగం గట్టిది, ఏ భాగం మీద ఇంకా వాదన నడుస్తోంది అన్నది విడదీసి చూడాలంటే, ముందు ఈ గడియారాలు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ తప్పుతాయో తెలియాలి.

## మూడు వేర్వేరు ప్రశ్నలు, మూడు వేర్వేరు సిద్ధాంతాలు

మామూలు మాటల్లో "అది ఆయన సిద్ధాంతం" అంటే ఆయన నమ్మకం అని అర్థం. సైన్సులో ఆ మాటకు బరువు ఎక్కువ. ఇంకా పరీక్షకు నిలవని ఊహ పరికల్పన. ఎన్నో పరీక్షలకు నిలిచి, అప్పటికి ఎవరూ కొలవనిదాన్ని కూడా ముందే చెప్పగలిగిన వివరణ సిద్ధాంతం.

చాలామంది కలిపేసే విషయం ఇంకొకటుంది. బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం భూమి ఎలా పుట్టిందో చెప్పదు. విశ్వం మొదలై 900 కోట్ల ఏళ్లు దాటాక గానీ సూర్యుడూ గ్రహాలూ ఏర్పడలేదు. వాటి పుట్టుకకు నీహారికా సిద్ధాంతం ఉంది. చంద్రుడి పుట్టుకను వివరించేది మహాఘాత పరికల్పన. ఈ మూడింటి బలం ఒక్కలా ఉండదు. చంద్రుడి విషయంలో సందేహం వచ్చిందంటే విశ్వం విస్తరించడం ఆగిపోదు.

## గోల్కొండ గుట్టలో గడియారం

రాయి వయసు కట్టడానికి అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి యురేనియం–సీసం పద్ధతి. గ్రానైట్ లాంటి రాళ్లలో జిర్కాన్ అనే ఖనిజం ఇసుకరేణువంత స్ఫటికాలుగా దొరుకుతుంది. కరిగిన శిల చల్లబడుతూ జిర్కాన్ ఏర్పడేటప్పుడు యురేనియం పరమాణువులను తనలో ఇముడ్చుకుంటుంది, సీసాన్ని మాత్రం దాదాపుగా రానివ్వదు. అంటే పుట్టినప్పుడు దానిలో సీసం లేనట్టే. తర్వాత లోపల కనిపించే సీసమంతా యురేనియం క్షీణించి మారినదే.

ఈ పద్ధతి బలమేమిటంటే ఒకే స్ఫటికంలో రెండు గడియారాలు ఉంటాయి. యురేనియం-238లో సగం సీసం-206గా మారడానికి 446.8 కోట్ల ఏళ్లు పడుతుంది. యురేనియం-235లో సగం సీసం-207గా మారడానికి 70.4 కోట్ల ఏళ్లు చాలు. ఒకటి నిదానంగా, ఒకటి వేగంగా నడిచే గడియారాలు. రెండూ ఒకే సమయం చూపిస్తేనే ఆ వయసును నమ్ముతారు.

లెక్క వేసి చూద్దాం. గోల్కొండ కోట నిలబడ్డ గుట్టతో సహా హైదరాబాద్ చుట్టూ కనిపించే గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. సరిగ్గా 250 కోట్ల ఏళ్ల జిర్కాన్‌లో మొదట ఉన్న యురేనియం-238లో 67.9 శాతం ఇంకా మిగిలే ఉంటుంది. యురేనియం-235లో 8.5 శాతమే మిగులుతుంది. మిగిలిన యురేనియానికి పుట్టిన సీసం నిష్పత్తి చూస్తే మొదటి జంటలో 0.474, రెండో జంటలో 10.73 వస్తుంది. ప్రయోగశాలలో ఈ రెండు అంకెలూ కలిసి వస్తే గడియారం చెడలేదని అర్థం.

చెడితే ఏమవుతుంది? రాయి మళ్లీ వేడెక్కినా, స్ఫటికం పగిలి నీళ్లు చేరినా కొంత సీసం బయటికి పోతుంది. ఈమధ్య కాలంలో 20 శాతం సీసం పోయిందనుకుందాం. అప్పుడు మొదటి గడియారం 207 కోట్ల ఏళ్లని, రెండోది 229 కోట్ల ఏళ్లని చూపిస్తుంది. రెండూ కలవలేదు కాబట్టి ఏదో జరిగిందని వెంటనే దొరికిపోతుంది. అంతటితో అయిపోలేదు. బయటికి పోయేటప్పుడు సీసం-206, సీసం-207 ఒకే పాళ్లలో పోతాయి, ఎందుకంటే రసాయనికంగా రెండూ ఒకటే. కాబట్టి ఆ రెండు సీసాల మధ్య నిష్పత్తి చెక్కుచెదరదు. దాన్నుంచి లెక్క కడితే మళ్లీ 250 కోట్లే వస్తుంది. గడియారం చెడిందని చెప్పడమే కాదు, చెడకముందు ఎంత చూపించిందో కూడా ఇది చెబుతుంది. "రాళ్ల వయసు లెక్కలన్నీ ఊహలే" అనే వాదనకు ఇంతకంటే సూటి జవాబు లేదు.

## కెల్విన్ ఎక్కడ తప్పాడు

రేడియోధార్మికత (యురేనియం లాంటి పరమాణువులు వాటంతటవే క్షీణించడం) తెలియని రోజుల్లో భౌతికశాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ ఇంకో దారి పట్టాడు. కరిగిన ముద్దగా మొదలైన భూమి ఇప్పుడున్నంత చల్లబడటానికి ఎంతకాలం పడుతుందో 1862లో లెక్క కట్టి 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ల మధ్య అన్నాడు. 1897 నాటికి దాన్ని 2 నుంచి 4 కోట్లకు కుదించాడు. లోయలు కోసుకుపోవడానికీ, జీవులు మారడానికీ ఈ కాలం ఏ మూలకూ చాలదని భూగర్భ శాస్త్రవేత్తలు మొత్తుకున్నారు.

రేడియోధార్మికత వల్ల పుట్టే వేడి ఆయనకు తెలియకపోవడమే తప్పుకు కారణమని చాలాచోట్ల రాస్తారు. అది సగం నిజం. ఆ వేడిని కలిపినా ఆయన లెక్క పెద్దగా మారదు. అసలు లోపాన్ని ఆయన దగ్గర ఒకప్పుడు సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ 1895లోనే పట్టుకున్నాడు. భూమి లోపలంతా కదలని గట్టి రాయి అని కెల్విన్ అనుకున్నాడు. నిజానికి లోపలి శిల కోట్ల ఏళ్ల మీద నెమ్మదిగా పొర్లుతూ వేడిని కింది నుంచి పైకి తెస్తుంది. కదపకుండా వదిలేసిన పాయసం మీద త్వరగా మీగడ కట్టి చల్లారుతుంది. అడుగు నుంచి కలుపుతూ ఉంటే పైభాగం చాలాసేపు వేడిగానే ఉంటుంది. కెల్విన్ పైభాగపు వేడి చూసి "ఇది ఇప్పుడే దించిన గిన్నె" అనుకున్నాడు. ఆయన గణితంలో తప్పులేదు, మొదట అనుకున్న మాటలో ఉంది.

## 454 కోట్లు భూమి రాయిలోంచి రాలేదు

భూమి పుట్టిననాటి రాయి ఇప్పుడు భూమి మీద ఎక్కడా దొరకదు. భూమి పైపొర పలకలు కిందికి కుంగడం, కరగడం, అరగడం వల్ల తొలి పైపొర అంతా చెరిగిపోయింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ రేణువు 440 కోట్ల ఏళ్ల నాటిది, అది కూడా తర్వాతి కాలపు రాతిలో చిక్కుకుని ఉంది. అందుకే అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ భూమిని వదిలి ఉల్కల దగ్గరికి వెళ్లాడు. గ్రహాలు కట్టాక మిగిలిపోయిన ఇటుకముక్కలు అవి.

ఆయన తీసుకున్నవాటిలో ముఖ్యమైనది అమెరికాలోని అరిజోనాలో పెద్ద గొయ్యి చేసిన కాన్యన్ డయాబ్లో అనే ఇనుప ఉల్క. దానిలోని ఇనుము–గంధకం ఖనిజంలో యురేనియం దాదాపుగా ఉండదు. కాబట్టి అందులోని సీసం సౌరకుటుంబం పుట్టినప్పటి సీసమే, కొత్తగా ఏమీ చేరలేదు. రాతి ఉల్కల్లో మాత్రం యురేనియం నుంచి వచ్చిన సీసం కలిసి ఉంది. వీటన్నిటి సీసం నిష్పత్తులను గ్రాఫు మీద పెడితే ఒకే సరళరేఖ మీద పడ్డాయి. ఆ రేఖ వాలు నుంచి 1956లో ఆయన ప్రకటించిన వయసు 455 కోట్ల ఏళ్లు, అటూఇటూ 7 కోట్లు. సముద్రపు అడుగు మట్టిలోని సీసం కూడా అదే రేఖకు సరిపోయింది. అంటే భూమిదీ ఉల్కలదీ ఒకే పుట్టుక.

ఈ పనిలో ఆయనకు అన్నిటికంటే ఎక్కువ అడ్డుపడింది ప్రయోగశాలలోని గాలే. పెట్రోలులో కలిపే సీసం పొగలో, గోడ రంగుల్లో, నీటి గొట్టాల్లో, చేతుల మీద, బట్టల మీద ఉండేది. నమూనాలో ఉన్న సీసం కంటే బయటి నుంచి చేరేదే ఎక్కువ. అంగుళం అంగుళం కడిగి, గాలిని వడగట్టి, అత్యంత శుభ్రమైన గదిని తయారుచేసుకున్నాకే ఆయన కొలతలు నిలకడగా వచ్చాయి. సీసం ఇంతగా ఎక్కడినుంచి వస్తోందని ఆరా తీసి, పెట్రోలులో సీసం కలపడానికి వ్యతిరేకంగా ఆయన తర్వాత ఏళ్ల తరబడి పోరాడాడు.

454 కోట్లు అన్నది పుట్టినరోజు లాంటి ఒక తేదీ కాదని కూడా చెప్పాలి. 1969లో మెక్సికోలో పడిన అయెండే ఉల్కలోని తెల్లటి కాల్షియం–అల్యూమినియం మచ్చల్లాంటివే మనకు దొరికిన తొలి ఘనపదార్థం, వాటి వయసు 456.7 కోట్ల ఏళ్లు. భూమి అక్కడినుంచి కొన్ని కోట్ల ఏళ్లపాటు పెరుగుతూ వచ్చింది. ఏ రోజును "పుట్టుక" అనాలన్నది నిర్వచనాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఈ అంకె పక్కన అటూఇటూ 5 కోట్లు అని వేస్తారు.

## దుమ్ము గ్రహమయ్యే దారిలో ఉన్న అడ్డంకి

నీహారికా సిద్ధాంతానికి 1755లో కాంట్, 1796లో లాప్లాస్ పునాది వేశారు. పెద్ద వాయు మేఘం తన బరువుకు తానే కుంగుతుంది. ఒప్పులకుప్ప తిరిగే పిల్లలు చేతులు దగ్గరికి లాక్కుంటే వేగం పెరిగినట్టు, మేఘం కుంచించుకున్నకొద్దీ వేగంగా తిరుగుతుంది. మధ్యలో సూర్యుడు, చుట్టూ పళ్లెంలాంటి చక్రం ఏర్పడతాయి. ఆ చక్రంలో గ్రహాలు పుడతాయి.

దీన్ని ఒకప్పుడు పక్కన పెట్టేశారు కూడా. సౌరకుటుంబం బరువులో 99.8 శాతానికి పైగా సూర్యుడిదే. కానీ మొత్తం భ్రమణ బలంలో, అంటే కోణీయ ద్రవ్యవేగంలో, సూర్యుడి వాటా 2 శాతం కూడా లేదు. మేఘం కుంగితే సూర్యుడే అత్యంత వేగంగా తిరగాలి, కానీ ఒక చుట్టుకు దాదాపు 25 రోజులు తీసుకుంటున్నాడు. అందుకే 20వ శతాబ్దం మొదట్లో వేరే నక్షత్రం దగ్గరగా వచ్చి సూర్యుడి నుంచి వాయువును లాగితే గ్రహాలు పుట్టాయన్న వాదనకు బలం వచ్చింది. అంత వేడి వాయువు గడ్డకట్టదు, చెదిరిపోతుందని 1939లో లైమన్ స్పిట్జర్ లెక్కతో చూపించాక ఆ వాదన నిలవలేదు. సూర్యుడి అయస్కాంత క్షేత్రం, బయటికి వీచే సౌరవాయువు కలిసి సూర్యుడి వేగానికి బ్రేకు వేశాయని తర్వాత అర్థమైంది. 2014లో చిలీలోని ఆల్మా టెలిస్కోపు హెచ్ఎల్ టౌరీ అనే పసి నక్షత్రం చుట్టూ వలయాలు వలయాలుగా ఉన్న చక్రాన్ని ఫొటో తీసింది. కాగితం మీది బొమ్మ కంటికి కనిపించింది.

అయినా నడుమ ఒక మెట్టు ఇంకా పూర్తిగా తేలలేదు. దుమ్ము రేణువులు అంటుకుని గులకరాళ్లవడం సులువే. కిలోమీటర్ల కొండలు ఒకదాన్నొకటి ఆకర్షించుకుని గ్రహాలవడం కూడా సులువే. కష్టమంతా మధ్యలోని మీటరు సైజు బండల దగ్గర. అవి ఢీకొంటే అతుక్కోవు, పగులుతాయి. పైగా చుట్టూ ఉన్న వాయువు ఎదురుగాలిలా వాటిని ఆపుతుంది. భూమి ఉన్న దూరంలో మీటరు బండ ఒక వంద ఏళ్లలోనే సూర్యుడిలోకి జారిపోతుంది. గ్రహం కట్టడానికి కోట్ల ఏళ్లు కావాలి, ఇటుకకు వందేళ్ల ఆయుష్షు. గులకరాళ్లు గుంపుగా చేరితే ఒకదాని వెనుక ఒకటి ఎదురుగాలి తప్పించుకుని, గుంపు దట్టమై, మీటరు దశను దాటేసి ఒక్కసారిగా కొండలుగా కుంగుతాయన్నది 2005 నుంచి బలపడుతున్న వివరణ. కంప్యూటర్ నమూనాల్లో ఇది బాగానే నడుస్తోంది. దానికి కావాల్సినంత దుమ్ము అన్ని చక్రాల్లోనూ ఉంటుందా అన్నదే మిగిలిన ప్రశ్న.

## చంద్రుడి దగ్గర ప్రజ్ఞాన్ చూసింది

భూమి ఇంకా పసిగా ఉన్నప్పుడు అంగారకుడంత గోళమొకటి ఢీకొట్టిందని, ఎగిరిన శకలాలు చేరి చంద్రుడైందని 1975లో హార్ట్‌మన్, డేవిస్ ప్రతిపాదించారు. ఆ గోళానికి థియా అని పేరు. భూమి బరువులో దాదాపు మూడోవంతు ఇనుప గర్భం, చంద్రుడిలో అది ఒకటి రెండు శాతమే. పైపొరల రాయి ఎగిరిపడి, ఇనుము భూమిలోనే ఉండిపోయిందంటే ఈ తేడా చక్కగా సరిపోతుంది.

అంత పెద్ద దెబ్బ తర్వాత చంద్రుడి పైభాగమంతా కరిగిన శిలాసముద్రం అయ్యుండాలి. అది చల్లబడేటప్పుడు తేలికైన ఖనిజాలు పైకి తేలి అనార్థోసైట్ అనే తెల్లని రాయిగా గట్టిపడాలి. అపోలో 16 తెచ్చిన నమూనాలు ఈ మాటకు బలమిచ్చాయి, కానీ దక్షిణ ధ్రువం వైపు నేల మీద దిగి ఎవరూ చూడలేదు. శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 2023 ఆగస్టు 23న అక్కడ దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ 23 చోట్ల నేలను పరీక్షించింది. అక్కడి మట్టి కూర్పు అనార్థోసైట్‌కే దగ్గరగా ఉందని 2024 ఆగస్టులో ఫలితాలు వెలువడ్డాయి. మెగ్నీషియం అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువ ఉంది, పెద్ద ఢీ ఏదో లోతు పొరల పదార్థాన్ని పైకి తెచ్చి ఉండొచ్చు. ఇది శిలాసముద్రానికి సాక్ష్యం. థియాకు నేరుగా సాక్ష్యం కాదు.

థియా కథలో అసలు ముడి ఆక్సిజన్ దగ్గర ఉంది. అంగారకుడి రాళ్లలో, చాలా ఉల్కల్లో ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల) పాళ్లు భూమికి భిన్నంగా ఉంటాయి. థియా వేరే చోట పుట్టిందైతే చంద్రుడిలో దాని గుర్తు ఉండాలి. చంద్రుడి పాళ్లు మాత్రం భూమితో దాదాపు అచ్చంగా కలుస్తాయి. థియా కూడా భూమి పక్కనే అదే దుమ్ములోంచి పుట్టిందని కొందరంటారు. ఢీ ఎంత తీవ్రంగా జరిగిందంటే రెండూ ఆవిరై పూర్తిగా కలిసిపోయాయని ఇంకొందరంటారు. రెండింటికీ లెక్కలున్నాయి, నిర్ణయించేంత సాక్ష్యం ఇంకా లేదు.

## విశ్వం వయసును గుణకారంతో కట్టడం

బిగ్ బ్యాంగ్ అంటే ఖాళీ చోట ఒక బిందువు పేలి ముక్కలు ఎగరడం కాదు. అంతరిక్షమే సాగుతోంది. వాము వేసిన పూరీ నూనెలో ఉబ్బేటప్పుడు పైపొర మీది ఏ రెండు వాము గింజలు చూసినా ఒకదానికొకటి దూరమవుతాయి. ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా దూరమవుతాయి. ఏ గింజా మధ్య గింజ కాదు. గెలాక్సీల సంగతి అంతే. సమీకరణాల్లోంచి దీన్ని ఫ్రీడ్‌మన్ 1922లో, లెమెత్ర్ 1927లో రాబట్టారు, హబుల్ 1929లో కొలతలతో చూపించాడు.

ఎంత దూరానికి ఎంత వేగం అన్నదే హబుల్ స్థిరాంకం. అది 70 అంటే, 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో (దీన్ని మెగాపార్సెక్ అంటారు) ఉన్న గెలాక్సీ సెకనుకు 70 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోందని. ఈ వేగం కాంతి వేగంలో 4283వ వంతు. 32.6 లక్షలను 4283తో హెచ్చిస్తే దాదాపు 1396 కోట్లు. అంటే ఇదే వేగంతో వెనక్కి నడిపిస్తే 1396 కోట్ల ఏళ్ల క్రితం అంతా ఒకచోటే ఉండాలి. వేగం ఎప్పుడూ ఒకేలా లేదు. మొదట గురుత్వాకర్షణ వల్ల తగ్గింది, తర్వాత అంతరిక్షాన్ని సాగదీసే, స్వభావం ఇంకా తెలియని డార్క్ ఎనర్జీ వల్ల పెరిగింది. ఈ రెండూ కలిపితే లెక్కను సుమారు 0.95తో హెచ్చించాలి.

హబుల్ మొదట కొలిచిన విలువ 70 కాదు, దాదాపు 500. అది కాంతి వేగంలో 600వ వంతు. 32.6 లక్షలను 600తో హెచ్చిస్తే 196 కోట్లు. తల్లి కంటే బిడ్డ పెద్దదైన చిక్కు ఇక్కడినుంచే వచ్చింది. 1946 నాటికి భూమికి కనీసం 300 కోట్ల ఏళ్లుంటాయని భూగర్భ శాస్త్రవేత్త ఆర్థర్ హోమ్స్ సీసం లెక్కలతో చెప్పాడు.

తప్పు వేగంలో లేదు, దూరంలో ఉంది. సెఫీడ్ అనే నక్షత్రాలు క్రమంగా మినుకుతాయి. నెమ్మదిగా మినుకేది ఎక్కువ కాంతివంతమైనదని హెన్రియెట్టా లీవిట్ కనిపెట్టింది. అసలు కాంతి ఎంతో తెలిస్తే, మనకు ఎంత మసకగా కనిపిస్తోందో చూసి దూరం చెప్పొచ్చు. సెఫీడ్లలో రెండు రకాలున్నాయని హబుల్‌కు తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో లాస్ ఏంజెలెస్ దీపాలు ఆర్పేసిన చీకటి రాత్రుల్లో మౌంట్ విల్సన్ మీది టెలిస్కోపుతో వాల్టర్ బాడే ఆండ్రోమెడా నక్షత్రాలను విడివిడిగా చూడగలిగాడు. ఆ పని కొనసాగించి, 1952లో దూరాలన్నీ రెట్టింపు చేయాలని ప్రకటించాడు. 1958లో అలన్ శాండేజ్ మరికొన్ని పొరపాట్లు దిద్ది హబుల్ స్థిరాంకాన్ని 75 దగ్గరికి తెచ్చాడు. విశ్వం భూమి కంటే పెద్దదైంది.

## కల్పం లెక్కతో పోలిక

ఈ చర్చ ఎక్కడ వచ్చినా తెలుగువాళ్లలో ఎవరో ఒకరు బ్రహ్మ పగలు 432 కోట్ల ఏళ్లని, భూమి వయసుకు దగ్గరగా ఉందని అంటారు. పురాణ గణనలో అంత పెద్ద కాలాన్ని ఊహించడం నిజంగా గొప్ప సంగతి. కానీ పోల్చేటప్పుడు దేన్ని దేనితో పోలుస్తున్నామో చూసుకోవాలి. 432 కోట్లు కల్పం మొత్తం నిడివి. సంకల్పంలో చెప్పుకునే శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం ప్రకారం ఈ కల్పంలో ఇప్పటికి గడిచింది సుమారు 197 కోట్ల ఏళ్లు. భూమి వయసుతో పోల్చాల్సింది గడిచిన కాలాన్ని, అది 454తో కలవదు.

1930లో ఎవరైనా ఈ 197 కోట్లను హబుల్ నాటి 196 కోట్లతో పోల్చి ఉంటే అద్భుతంగా కలిసి ఉండేది. కలిసినా ఆ 196 తప్పే. అంకెలు పక్కపక్కన రావడం సాక్ష్యం కాదు. ఒకే వయసును వేర్వేరు కొలతలతో రాబట్టగలగడం సాక్ష్యం.

## స్థిరస్థితి వాదం ఎందుకు ఓడిపోయింది

బిగ్ బ్యాంగ్‌కు పోటీగా 1948లో హోయల్, బాండీ, గోల్డ్ స్థిరస్థితి సిద్ధాంతం తెచ్చారు. విశ్వం సాగుతుంది, కానీ ఖాళీ అయిన చోట కొత్త పదార్థం పుడుతుంది. కాబట్టి విశ్వానికి ఆదీ లేదు, అంతమూ లేదు, ఏ కాలంలో చూసినా ఒకేలా ఉంటుంది. "బిగ్ బ్యాంగ్" అనే పేరు కూడా 1949లో రేడియో ప్రసంగంలో హోయల్ నోటి నుంచే వచ్చింది. వయసు చిక్కు ఉన్న ఆ రోజుల్లో ఇది చాలా గౌరవప్రదమైన వాదన. హోయల్ శిష్యుడు, మన జయంత్ నార్లికర్ 1993లో దాన్ని సవరించి మళ్లీ ప్రతిపాదించారు. 2025లో కన్నుమూసేదాకా ఆయన ప్రధాన సిద్ధాంతాన్ని ప్రశ్నిస్తూనే ఉన్నారు.

దీన్ని దెబ్బతీసిన సాక్ష్యాల్లో మొదటిది హీలియం. విశ్వం మొదటి నిమిషాల్లో లెక్క ప్రకారం ఏడు ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ మిగలాలి. 16 కణాలు తీసుకుంటే 14 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు. రెండు న్యూట్రాన్లు రెండు ప్రోటాన్లతో కలిసి ఒక హీలియం కేంద్రకమవుతుంది, దాని బరువు 4. మిగతా 12 హైడ్రోజనే. 16లో 4 అంటే 25 శాతం. నక్షత్రాల వంటకం తక్కువ జరిగిన చిన్న గెలాక్సీల్లో కొలిస్తే దాదాపు అంతే ఉంది. లిథియం మాత్రం లెక్కలో వచ్చినదాంట్లో మూడో వంతే కనిపిస్తోంది. ఆ లోటుకు ఒప్పుకోదగ్గ వివరణ ఇంకా దొరకలేదు.

రెండోది అంతటా పరుచుకున్న మైక్రోవేవ్ వెలుగు. విశ్వానికి 3.8 లక్షల ఏళ్లప్పుడు ఉష్ణోగ్రత 3000 డిగ్రీల దగ్గరికి దిగి, ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో కలిసి పరమాణువులయ్యాయి, వెలుగుకు దారి ఇచ్చాయి. ఏ వేడి దగ్గర ఇది జరుగుతుందో చెప్పే తొలి సమీకరణం 1920లో మేఘనాథ్ సాహా ఇచ్చిందే. అప్పటినుంచి విశ్వం 1100 రెట్లు సాగింది. 3000ను 1100తో భాగిస్తే 2.7, అంటే ఆ వెలుగు ఇప్పుడు అంతకు చల్లబడి ఉండాలి. న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో పెంజియాస్, విల్సన్ తమ యాంటెనాలో పోని రొదకు కారణం వెతుకుతూ పావురాల రెట్టలు కూడా శుభ్రం చేశారు. రొద పోలేదు. 1965లో వాళ్లు ప్రకటించిన విలువ 3.5 డిగ్రీల కెల్విన్, ఇప్పటి ఖచ్చితమైన కొలత 2.725. ఈ వెలుగు ఏ దిక్కున చూసినా లక్షలో ఒక వంతు తేడాతో ఒకేలా ఉంటుంది. స్థిరస్థితి వాదులు దీన్ని అంతరిక్షంలోని ఇనుప నూగు నక్షత్రకాంతిని మార్చడం వల్ల వచ్చిందన్నారు. ఇంత సమంగా, ఇంత ఖచ్చితంగా ఒకే ఉష్ణోగ్రత రావడం ఆ వివరణకు అందలేదు.

## 67తో, 73తో నడుస్తున్న తగువు

ఆ తొలి వెలుగులోని సన్నని తేడాలను ప్లాంక్ ఉపగ్రహం కొలిచింది. దాన్నుంచి హబుల్ స్థిరాంకం 67.4 వస్తుంది, అటూఇటూ 0.5. పైన చెప్పిన గుణకారం చేసి 0.95తో హెచ్చిస్తే 1380 కోట్లు. సెఫీడ్లు, సూపర్‌నోవాలతో (పేలిపోయే నక్షత్రాలు) మెట్టుమెట్టుగా దూరాలు కొలిచే ఆడమ్ రీస్ బృందానికి 73 వస్తోంది, అటూఇటూ 1. మిగతా లెక్క మార్చకుండా దీన్నే పెడితే వయసు 1270 కోట్ల దగ్గర ఆగుతుంది. పాలపుంతలోని అతి పాత నక్షత్ర గుచ్ఛాల వయసులు 1250 నుంచి 1350 కోట్ల మధ్య ఉన్నాయి కాబట్టి ఇది ఇబ్బందే. అందుకే 73ను సమర్థించేవాళ్లు కూడా వయసు 1270 అనరు, తొలి విశ్వంలో మనకు తెలియని ఏదో శక్తి ఉండి ఉంటుందంటారు.

కొలతలోనే పొరపాటుందా? జేమ్స్ వెబ్‌తో రీస్ బృందం సెఫీడ్లను మళ్లీ చూసి పాత కొలతలే సరైనవని చెప్పింది. వెండీ ఫ్రీడ్‌మన్ బృందం అదే టెలిస్కోపుతో వేరే రకాల నక్షత్రాలనూ కలిపి చూస్తే 70 దగ్గర వచ్చింది, పెద్ద తేడా లేదంది. బాడే నాటి అనుభవం చూస్తే దూరాల మెట్లలో ఏదో ఒకటి కాస్త వంగి ఉండటం అసాధ్యమేమీ కాదు. అయితే ఇప్పటి తగువు 8 శాతం తేడా మీద. అప్పటిది ఆరేడు రెట్ల తేడా.

వెబ్ చూపిన తొలి గెలాక్సీల సంగతి ఇంకొకటి. విశ్వానికి 30 కోట్ల ఏళ్లయినా నిండకముందే వెలిగిన గెలాక్సీ ఒకటి 2024లో ఖాయమైంది. అంత త్వరగా అంత కాంతి ఎలా వచ్చిందన్నది నిజమైన ప్రశ్నే. నక్షత్రాలు ఒక్కపెట్టున పుట్టడం, దుమ్ము తక్కువుండటం లాంటి వివరణలున్నాయి. గెలాక్సీలు ఎంత వేగంగా పెరుగుతాయన్న మన అంచనాకు ఇది పరీక్ష. విస్తరణకు కాదు.

2023లో ఒట్టావా విశ్వవిద్యాలయానికి చెందిన రాజేంద్ర గుప్తా విశ్వం వయసు 2670 కోట్లని ప్రతిపాదించారు. దూర ప్రయాణంలో కాంతి "అలసిపోయి" ఎరుపెక్కుతుందన్న (అంటే తరంగదైర్ఘ్యం పెరుగుతుందన్న) పాత ఊహను విస్తరణతో కలిపి, ప్రకృతి స్థిరాంకాలు మారతాయని చేర్చారు. తొలి గెలాక్సీలకు కావాల్సిన సమయం దీంతో దొరుకుతుంది. కానీ కాంతి అలసిపోవడం ఒక్కటే కారణమైతే సంఘటనల నిడివి మారకూడదు. విస్తరణ వల్లయితే 20 రోజుల్లో వెలిగి ఆరే సూపర్‌నోవా, తరంగదైర్ఘ్యం రెట్టింపయ్యే దూరంలో ఉంటే మనకు 40 రోజులుగా కనిపించాలి. 1500కు పైగా సూపర్‌నోవాలను కొలిస్తే సరిగ్గా అంతే సాగింది. ఆ ఎరుపులో అలసటకు పెద్ద వాటా ఇచ్చే ఏ మిశ్రమ సిద్ధాంతమైనా ఈ కొలతకు జవాబు చెప్పాలి, మైక్రోవేవ్ వెలుగులోని సన్నని తేడాలనూ రాబట్టి చూపాలి.

67కూ 73కూ మధ్య తీర్పు చెప్పడానికి మెట్ల అవసరం లేని మూడో కొలబద్ద ఒకటుంది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (చనిపోయిన నక్షత్రాల అతి దట్టమైన అవశేషాలు) ఢీకొంటే వచ్చే గురుత్వ తరంగాల బలం దూరాన్ని నేరుగా చెబుతుంది. ఆ గెలాక్సీ నుంచి వచ్చే వెలుగు అది ఎంత వేగంగా దూరమవుతోందో చెబుతుంది. 2017 ఆగస్టు 17న అలాంటి ఒక ఢీ దొరికింది, దాన్నుంచి 70 వచ్చింది. ఒకే సంఘటన కాబట్టి 62 నుంచి 82 వరకు ఏదైనా కావచ్చు, ఇరుపక్షాలూ అందులో ఇమిడిపోతాయి. ఇలాంటివి కొన్ని పదులు దొరికితే పట్టు బిగుస్తుంది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రానున్న, గురుత్వ తరంగాలను పట్టే కేంద్రం లైగో-ఇండియా ఉపయోగం ఇక్కడే: మిగతా కేంద్రాలకు దూరంగా ఉండటం వల్ల తరంగం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో అది ఇరుకుగా చూపగలదు. ఏ గెలాక్సీలో జరిగిందో తెలిస్తేనే వేగం తెలుస్తుంది, వేగం లేకుండా ఆ దూరంతో స్థిరాంకం కట్టలేం.